ఎదురుముడి

కప్పును కాగితం మధ్య పడుకోబెట్టి, ఒక మూలను దాని పొట్టలోకి దోపి, మిగతా మూడు మూలల్నీ చుట్టూ తిప్పి, ఆమె దాన్ని పెట్టెలోకి దించింది. పిడి ఎప్పుడూ పైకి ఉండాలి. పింగాణీ కప్పు పొట్ట దగ్గర పగలదు, పిడి దగ్గర పగులుతుంది. కప్పుకూ కప్పుకూ మధ్య పిడికెడు గడ్డి. పెట్టె నిండాక పైన ఇంకో పొర గడ్డి, దాని మీద అట్ట, అట్ట మీద మూత. ఆ తరవాత తాడు. నిలువుగా ఒక చుట్టు, అడ్డంగా ఒక చుట్టు, రెండూ కలిసిన చోట ముడి. చాలా ఏళ్ళుగా చేస్తున్న పని కావడంతో, చేతులు వాటి మానాన అవి చేసుకుపోతూంటే తను పక్కన కూర్చుని చూస్తున్నట్టు ఉంటుంది ఆమెకు.

పింగాణీ సామాన్ల గోదాములో ప్యాకింగు గది వెనకవైపు ఉంది. గోడకు బాగా పైన రెండు అద్దాల కిటికీలు. పొద్దుటిపూట వాటిలోంచి వెలుతురు ఏటవాలుగా దిగి బల్ల మీద పడుతుంది. అందులో గడ్డి నలుసులు తేలుతూ ఉంటాయి. ఒక కిటికీ అద్దం పగిలి చాలా రోజులైంది. దానికి అట్టముక్క అడ్డం పెట్టారు. పొడుగాటి బల్లకు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి పని చేస్తారు. ఆమెకు సరిగ్గా ఎదురుగా నిలబడే మనిషి అందరిలోకీ పెద్దది. మేనేజరుతో సహా అందరూ ఆవిణ్ణి పెద్దక్క అనే పిలుస్తారు.

"ఇవాళేగా?" అంది పెద్దక్క, తలెత్తకుండానే.

"ఇవాళే."

"ఏం తెచ్చుకోవాలో తేల్చుకున్నావా?"

ఆమె ఇంకో కప్పు అందుకుంది.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న ఉన్న గది ఖాళీ చెయ్యాలి. ఇంటివాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇన్నాళ్ళు ఆగారు. పాత సామాన్లవాడు సాయంత్రం బండి తెస్తాడు. తన ఇంట్లో చోటు లేదు, ఆమె ఇల్లు అంతకన్నా ఇరుకు. అందుకని పోయిన నాన్న గుర్తుగా ఆమె ఏదైనా ఒక్క వస్తువు తీసుకుంటే, మిగతాదంతా బండి ఎక్కించేద్దామన్నాడు. "ఏదో ఒకటే కదా, దానికేముంది" అన్నాడు.

ఆ ఒక్కటే ఆమెకు తెగడం లేదు. నాన్న ఒక్క పని చేసినవాడైతే ఆ పనిముట్టు తెచ్చుకుని గూట్లో పెట్టుకునేది. వడ్రంగి కూతురు చిత్రిక తెచ్చుకుంటుంది, దర్జీ కూతురు కత్తెర తెచ్చుకుంటుంది. నాన్న లాంచీ మీద పనిచేశాడు, రొట్టెల బట్టీలో పనిచేశాడు, పెద్ద భవనంలో లిఫ్టు నడిపాడు, బూట్లు కుట్టాడు, సినిమా హాల్లో టార్చిలైటుతో సీట్లు చూపించాడు, ఆఖరికి పేము చీల్చిన బేతుతో కుర్చీలు అల్లాడు. ఇవి ఆమెకు తెలిసినవి. తప్పు వస్తువు తెచ్చుకుంటే, ఇక జీవితాంతం తప్పు మనిషి తన ఇంట్లో ఉండిపోతాడేమోనని ఆమె భయం.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచారు. మొదటిరోజు ఒక ముసలాయన వచ్చి, "బట్టీ మేస్త్రీ పోయాడటగా" అన్నాడు. ఆ మర్నాడు ఒక పొడుగాటావిడ వచ్చి, చిన్నప్పుడు లిఫ్టు బాబాయి తనకు మీటలన్నీ నొక్కనిచ్చేవాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఇంకొకాయన గుమ్మంలోనే నిలబడి, "మా టార్చిలైటు ఆరిపోయిందమ్మా" అని, ఆ మాట అనడానికే అంతదూరం వచ్చినట్టు వెంటనే వెళ్ళిపోయాడు. అందరికన్నా ఎక్కువ ఏడ్చినవాడు చివర వచ్చాడు. లావుపాటి మనిషి, గళ్ళ కోటు. కుర్చీలో కూలబడి, క్లారినెట్ అలా వాయించేవాడు మళ్ళీ పుట్టడని, తమ బ్యాండు ఆ రోజుల్లో ఆ ఒక్క మనిషి ఊపిరి మీద నడిచిందని చెప్పి చాలాసేపు ఏడ్చాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది. ఆయన వెళ్ళిపోయాక అన్నయ్యను అడిగింది.

"నాన్న క్లారినెట్ వాయించేవాడా?"

"ఏమో" అన్నాడు అన్నయ్య. "పక్కింటికి వెళ్ళబోయి మనింటికి వచ్చాడేమో."

పక్కింట్లో ఎవరూ పోలేదు.

ఆమెకు ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందని బంధువులు అనుకున్నారు. అదేం కాదు. ఎవరి కోసం ఏడవాలో ముందు తేలితే కదా.

పెట్టె నిండింది. ఆమె తాడు తెంపి, చుట్టు తిప్పి, ముడి వేసి పక్కకు జరిపింది. కొత్త పెట్టె లాక్కుంది.

లాంచీ సంగతే తీసుకుంటే, అది ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తు. రేవులో అమ్మ చంకలో తను. లాంచీ ముందుభాగాన నాన్న, చేతిలో తాడు చుట్ట. ఒడ్డు ఇంకా బారెడు దూరం ఉండగానే ఆయన తాడు విసురుతాడు. అది గాల్లో సున్నాలా విచ్చుకుని, వచ్చి గుంజకు పడుతుంది. తడి తాడు వాసన కూడా ఆమెకు తెలుసు. కానీ నాన్న లాంచీ మానేసేనాటికి ఆమె పుట్టనే లేదంటాడు అన్నయ్య. "అమ్మ చంకలో ఉన్నది నేనే. నేను చెప్తే విని నువ్వు నీదిగా చేసేసుకున్నావు" అంటాడు. విన్నదానికి వాసన ఉంటుందా?

బట్టీ రోజులు మాత్రం ఇద్దరికీ గుర్తే. పొద్దున్నే వచ్చేవాడు. కనుబొమల్లో పిండి, ఒంటినిండా కాలిన రొట్టె వాసన. అప్పటికి అమ్మకు లేచే ఓపిక లేదు. వస్తూనే అమ్మ దుప్పటి మార్చి, తల దువ్వి, పిల్లలకు జడలూ బూట్లూ చూసి, వాళ్ళను బడికి పంపి అప్పుడు పడుకునేవాడు. పగలు అమ్మ దగ్గర ఉండవచ్చని నాన్న ఆ పనిలో చేరాడా, లాంచీవాళ్ళు తీసేస్తే వేరే పని దొరక్క చేరాడా అనేది ఎవరికీ తెలియదు. అమ్మ పోయిన కొద్దిరోజులకే బట్టీ కూడా మానేశాడు. ఒకపూట రొట్టెలన్నీ మాడ్చేస్తే వాళ్ళే పొమ్మన్నారని అన్నయ్య అంటాడు. నాన్న మటుకు, "ఆ నిప్పు నాకు పడలేదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నవ్వేవాడు కాదు.

లిఫ్టు కాలంలో ఇత్తడి బొత్తాల కోటు ఉండేదని ఆమె అంటుంది. కోటూ లేదు, గీటూ లేదు, చొక్కాకే పెద్ద బొత్తాలు అంటాడు అన్నయ్య. బూట్ల పని దానికి ముందా వెనకా అన్నది కూడా తేలదు. ఎప్పుడడిగినా నాన్న చెప్పేది ఒక్కటే. "ముందేమిటి, వెనకేమిటి అమ్మడూ. అన్నీ ఆ చేతులే కదా."

ఆయనకు ఒకచోట కాలు నిలవదని బంధువుల్లో పేరు. మేనమామ అయితే ఎదురుగానే అనేవాడు, తాడూ బొంగరం లేని మనిషికి చెల్లెల్ని ఇచ్చామని. నాన్న జేబులోంచి చిన్న తాడు చుట్ట తీసి చూపించేవాడు. "బొంగరం లేదు బావా. తాడుంది." ఏ పనిలో ఉన్నా ఆయన జేబులో తాడు ఉండేది. అది మాత్రం ఆమెకూ అన్నయ్యకూ ఒకేలా గుర్తుంది.

ఎదురుగా చిన్న చప్పుడైంది. పెద్దక్క నాలుక కరుచుకుంది.

"సాసరొకటి బయటే ఉండిపోయింది" అంది. "ఇది నీ పెట్టెలోదే. ఉండు, విప్పి పెట్టేస్తాను."

"నేను విప్పుతానక్కా."

అప్పటికే పెద్దక్క పెట్టె దగ్గరికి లాక్కుని కొస పట్టుకుని లాగింది. ముడి విడిపోలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. అది గింజలా బిగుసుకుపోయింది.

"పడిందమ్మా పీటముడి" అంది పెద్దక్క అందరికీ వినపడేలా. బల్ల పొడవునా నవ్వు పాకింది. "ఎదురుముడి అమ్మగారి పెట్టె ఎవరూ ముట్టుకోకండి. ఈవిడ ముడి ఈవిడకి తప్ప ఎవరికీ తెలీదు."

"మా నాన్నకీ తెలీదు" అంది ఆమె, గోటితో ముడి వదులు చేస్తూ. "ఆయనా కత్తెర పట్టుకోవాల్సిందే."

ఆ పేరు ఆమెకు ఈ గదిలోనే పడింది గానీ, ఆ ముడి ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో బల్ల సన్నగా, పొడుగ్గా ఉండేది. గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని ఉండటంతో దానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఎదురెదురుగా తప్ప పక్కపక్కన కూర్చునే వీల్లేదు. అమ్మ పోయిన ఏడు, ఆ బల్ల దగ్గర నాన్న ఆమెకు జారుముడి నేర్పాడు. రెండు కొసలు బయటికి వచ్చే ముడి అది. కుడిచేతి వైపు కొస లాగితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఎడమచేతి వైపుది లాగితే బిగుసుకుంటుంది. ఆయన అటు చేస్తూంటే ఆమె ఇటు కూర్చుని, అద్దంలో చూసినట్టు, ఆయన కుడిచెయ్యి కదిలితే తన ఎడమచెయ్యి కదిపి నేర్చుకుంది. ముడి సరిగ్గానే వచ్చింది. కాకపోతే తిరగబడి వచ్చింది. ఆమె ముడిలో ఊడే కొస ఎడమవైపు ఉంటుంది. అన్నయ్య అంతకుముందే లాంచీ మీద నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాడు కాబట్టి, అతని ముడి నాన్న ముడిలాగే పడుతుంది.

తరవాత మార్చాలని బడిలో టీచరు చూసింది, అన్నయ్య చూశాడు. నాన్న వద్దన్నాడు. "దాని చేతులకు ఆ దారి తెలిసింది. ఇప్పుడు దారి మళ్ళిస్తే రెండూ పోతాయి." అయితే అదే సమయంలో ఇంకోమాట కూడా అన్నాడు. ఆమెకు అది అప్పట్లో ఎత్తిపొడుపులా తోచింది.

"ముడి వేసేటప్పుడు మన చేతులు కాదు అమ్మడూ, విప్పేవాళ్ళ చేతులు చూసుకోవాలి."

అప్పటినుంచీ ఆ ఇంట్లో నాన్న కట్టిన మూట ఆమె విప్పితే పీటముడి, ఆమె కట్టిన మూట నాన్న విప్పితే పీటముడి. చెయ్యి అలవాటైన వైపుకే పోతుంది మరి. బడికి ఆయన కట్టిచ్చిన డబ్బా మూట విప్పుకోలేక ఎన్నోసార్లు పక్కపిల్ల చేత విప్పించుకుంది. ఈ మధ్య ఆదివారాలు ఆయన తన ఇంటికి వచ్చి తిని వెళ్ళేటప్పుడు, మర్నాటికి కూడా కాస్త డబ్బాలో సర్ది, తాడు కట్టి ఇచ్చేది. తరవాతి ఆదివారం డబ్బాతో పాటు తాడు ముక్కలుముక్కలుగా వచ్చేది. "నీ ముడికో దండం" అనేవాడు. చివరి నెలల్లో మాత్రం తాడు తెగకుండా, చక్కగా చుట్టచుట్టి తిరిగి వచ్చేది. పై ఇంటావిడ చేత విప్పించుకుంటున్నాడు కాబోలు అనుకుంది.

ఆ ఆదివారాల్లోనే ఒక కుర్చీ తగాదా కూడా ఉండేది. ఆమె వంటగదిలో ఉన్నవి రెండు బేతు కుర్చీలు. అందులో ఒకదాని అల్లిక తెగి, మధ్యలో కన్నం పడింది. ఊళ్ళోవాళ్ళ కుర్చీలన్నీ అల్లే మనిషి ఈ ఒక్కదానికి మాత్రం వాయిదాలు వేస్తూనే వచ్చాడు. ఆ కుర్చీ అందరి కుర్చీల్లాంటిది కాదని, ముందు వెడల్పు, వెనక సన్నం అని, దానికి బేతు వేరేగా కొయ్యాలని అనేవాడు. అంతవరకూ బాల్చీ బోర్లించుకుని దాని మీద కూర్చుని తినేవాడు. మంచి కుర్చీలో కూర్చోమంటే, "వండినమ్మ నుంచుంటే తిన్నది ఒంటికి పట్టదు" అనేవాడు. ఆమెకు ఒకసారి విసుగొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనేస్తానంది. ఆయన లేచాడు. ఆ కుర్చీని వెనక్కి తిప్పి, వంగి, వేళ్ళతో జానలు వేసి కొలుచుకున్నాడు. చట్రంలో వదులైన చెక్క చీల ఒకటి ఊడొస్తే దాన్ని జేబులో వేసుకున్నాడు. అదే ఆయన వచ్చిన ఆఖరి ఆదివారం.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటూండగా పెద్దక్క తన డబ్బాలోంచి సగం రొట్టె తుంచి ఆమె మూతలో పెట్టింది.

"ఆయనకి ఏ పనంటే ఇష్టమో అది తీసుకో" అంది పెద్దక్క. "సింపుల్."

"అదే తెలీదక్కా. ఏ పని మానేసినా ఒకేలా ఉండేవాడు. కొత్త పనిలో చేరినా ఒకేలా ఉండేవాడు."

"అడగలేదా?"

"అడిగితే తాడు చూపించేవాడు."

పెద్దక్క నమిలి మింగి అంది. "మా ఆయన ముప్ఫై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని ఒకే పని చేశాడు. అంతా తెలిసినట్టే ఉండేది. పోయాక చూస్తే, ఆయనకి ఏం రంగు ఇష్టమో నాకు తెలీదు." మళ్ళీ రొట్టె అందుకుంది. "తెలిసుంటే ఏం చేసేదాన్నిలే."

పూట తిరిగాక మేనేజరు వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జలుబు చేసినట్టు మాట్లాడతాడు. ఆమె దగ్గర నిలబడి, కిటికీ పగిలిన అద్దం వైపు చూశాడు. ఆమె నాన్న ఉండే వీధి పేరు చెప్పి, ఆ వీధి మొదట్లో అద్దాల దుకాణం ఉంది కదా, వెళ్ళి కొలతలు తీసుకోవడానికి మనిషిని పంపమని చెప్పి రమ్మన్నాడు. ఆ పనయ్యాక మళ్ళీ ఇంతదూరం తిరిగి రానక్కర్లేదు, అటునుంచి అటే వెళ్ళిపోవచ్చన్నాడు. వెళ్ళబోతూ ఆగి, మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాడు. ఆమె నోరు తెరిచింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన ముక్కు తుడుచుకుని, "సరేలే, వెళ్ళిరా" అన్నాడు.

బస్సు దిగి చూస్తే అద్దాల దుకాణం మూసి ఉంది. ఆ రోజు వాళ్ళకు వారపు సెలవు. ఆ సంగతి మేనేజరుకు తెలియకపోదు. గోదాముకు అద్దాలన్నీ ఇక్కడినుంచే వస్తాయి. ఆమె మూసిన తలుపు ముందు ఒక్క క్షణం నిలబడి, తరవాత వీధిలోకి నడిచింది.

నాన్న గది కింది వాటాలో, మెట్ల పక్కన. తలుపు తెరిచే ఉంది. అన్నయ్య చొక్కా చేతులు మడిచి అటకమీది సామాను దించుతున్నాడు. పాత సామాన్లవాడు గుమ్మంలో గొంతుకు కూర్చుని బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. పై ఇంటావిడ మెట్ల మీద నిలబడి, ఆమెను చూడగానే రెండు మెట్లు దిగింది. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు తనివి తీరదు. మళ్ళీ చెప్పింది.

ఆ రోజు పొద్దున ఆవిడ బజారుకు వెళ్తూ ఇటు చూసింది. తలుపు తీసే ఉంది. అల్లిక పూర్తైన కుర్చీలో ఆయన చేతులు రెండూ ఆనించి, కొంచెం వెనక్కి వాలి కూర్చున్నాడు. ఏ కుర్చీ అయినా అల్లాక అందులో కాసేపు కూర్చుని, బరువు ఆనుతుందో లేదో చూశాక గానీ గిరాకీకి ఇవ్వడు కదా. బజారునుంచి వచ్చేటప్పుడు కూడా అలాగే ఉన్నాడు. "ఎంతసేపు పరీక్ష పెడతారండీ, కుర్చీ పాసైందిలెండి" అని నవ్వి పైకి వెళ్ళిపోయింది. టీ తీసుకుని దిగినప్పుడు గానీ తెలియలేదు. కుర్చీ మాత్రం ఇంతైనా కుంగలేదని, ఆవిడ ఎప్పటిలాగే చివర చెప్పింది. ఆ కుర్చీ తాలూకు ఆయన మర్నాడు వచ్చి, చాలాసేపు తటపటాయించి, చివరికి భుజాన వేసుకుని పట్టుకెళ్ళాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. గది మధ్యలో అన్నయ్య అన్నీ పరిచి ఉంచాడు. పెచ్చులూడిన టార్చిలైటు. రొట్టెలు తీసే పొడుగాటి చెక్క పార, చివర నల్లగా కాలింది. బూట్లు సాగదీసే చెక్క పాదం, ఒక్కటే. లిఫ్టులో కూర్చునే మూడుకాళ్ళ పీట. మురికిపట్టి గట్టిపడిన లాంచీ తాడు చుట్ట. కోటు ఉందేమోనని ఆమె మేకుల వంక చూసింది. లేదు. క్లారినెట్ కూడా లేదు. ఉంటే బాగుండునని, లేకపోతే మంచిదని, రెండూ ఒకేసారి అనిపించాయి.

టార్చిలైటు చేతిలోకి తీసుకుంది. బరువుగా, చల్లగా ఉంది. మీట నొక్కితే వెలగలేదు. కింద పెట్టేసింది. చెక్క పాదం తీసుకుంది. అది ఎవరి కొలతో తెలియదు. తాడు చుట్ట ముక్కు దగ్గర పెట్టుకుంది. దుమ్ము వాసన తప్ప ఇంకేం రాలేదు. ఆమె జ్ఞాపకంలో ఉన్న తడి అందులో లేదు.

"తొందరేం లేదు" అన్నాడు అన్నయ్య, తొందరగా.

"బండికి చీకటి పడితే లైటు లేదమ్మా" అన్నాడు సామాన్లవాడు మర్యాదగా.

అన్నయ్య గది మూలకు వెళ్ళాడు. అక్కడ గోడకు ఆనించి బేతు కట్టలు ఉన్నాయి. గిరాకీల కోసం కోసి, కట్టి పెట్టినవి. పొడుగువి ఒకపక్కన, పొట్టివి ఒకపక్కన వేసుకుంటానని సామాన్లవాడు అనడంతో అన్నయ్య వాటిని విప్పడం మొదలుపెట్టాడు. కుడివైపు కొస పట్టుకుని ఒక్క లాగు. తాడు ఊడి చేతిలోకి వస్తోంది. ఇంకో కట్ట, ఇంకో లాగు. నాన్న ముడులు ఇన్నాళ్ళ తరవాత కూడా మాట వింటున్నాయి. అన్నయ్య ముఖంలో చిన్న గర్వం కనబడింది.

అన్నిటికన్నా వెనక, గోడవారగా ఉన్న చిన్న కట్ట దగ్గర అతని చెయ్యి ఆగింది. కొస లాగాడు. ఊడలేదు. ముడి కొంచెం బిగిసింది. దాన్ని వెలుగులోకి తెచ్చి చూశాడు.

"పాపం, ఆఖర్లో చేతులు పట్టు తప్పాయి" అన్నాడు. గొంతు కాస్త మెత్తబడింది. "చూడు, ముడి తిరగేసి వేశాడు. ఎన్నడైనా నాన్న ఇలా వేశాడా?" బేతు కోసే కత్తి కోసం బల్ల మీద తడుముకున్నాడు.

"అన్నయ్యా, కత్తి అక్కడ పెట్టు."

అతను తలెత్తి చూశాడు. ఆమె వచ్చి ఆ కట్ట తన చేతుల్లోకి తీసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఏమీ ఆలోచించకుండా చెయ్యి ఎప్పుడూ పోయే వైపుకే, ఎడమవైపుకే పోయింది. కొస పట్టుకుంది. చిన్నప్పటినుంచీ నాన్న కట్టిన ఏ మూట దగ్గరైనా ఆ చెయ్యి చేసే తప్పు అదే.

లాగింది. ముడి మాయమై తాడు ఆమె వేళ్ళమీదికి వచ్చి వాలింది.

బేతు పేళ్ళు ఆమె చేతుల్లో విచ్చుకున్నాయి. ముందు వరస పొడుగు, వెనకవి క్రమంగా పొట్టి. ముందు వెడల్పు, వెనక సన్నం. వాటి మధ్యలోంచి ఒక చెక్క చీల జారి నేలమీద పడి, దొర్లి, అన్నయ్య పాదం దగ్గర ఆగింది. అతను వంగి తీశాడు.

"ఏంటిది?"

"మా వంటింటి కుర్చీది" అంది ఆమె. అలాగే కిటికీ కింద నేలమీద కూర్చుండిపోయింది. అన్నయ్య ఏం చెయ్యాలో తెలియక పక్కన నిలబడి, చీలను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉన్నాడు. పై ఇంటావిడ మెట్లమీంచి తొంగిచూసి, పైకి వెళ్ళి, కాసేపటికి మూడు గ్లాసుల టీ పట్టుకుని దిగింది. సామాన్లవాడికి కూడా ఒకటి ఇచ్చింది.

ఎవరి కోసం ఏడుస్తోందో ఆమెకు ఇప్పుడూ సరిగ్గా తెలియదు. లాంచీ ముందా, బట్టీ ముందా తెలియదు. ఆ లావుపాటాయన సరైన ఇంటికే వచ్చాడేమో, అదీ తెలియదు. అయినా ఏడుపు దాని దారిన అది వచ్చింది.

టీ తాగాక సామాను బండెక్కింది. టార్చిలైటు, పార, పీట, పాదం, తాడు చుట్ట, ఆమె అన్నిటినీ ఒక్కొక్కటిగా తనే అందించింది. మోకు బిగిస్తూ సామాన్లవాడు అడిగాడు.

"పెద్దాయన ఏం పని చేసేవారు?"

"లాంచీ మీద" అన్నాడు అన్నయ్య. "కుర్చీలు" అంది ఆమె. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. సామాన్లవాడు ఇద్దరికీ తలూపి బండి తోసుకుని వెళ్ళిపోయాడు. చీల ఆమె చేతిలో పెడుతూ అన్నయ్య, బేతు అల్లే మనిషిని ఎవరినైనా చూస్తానన్నాడు. తొందరేం లేదంది ఆమె.

ఇంటికి వచ్చేసరికి వంటగదిలో ఇంకా కొంచెం వెలుతురు మిగిలి ఉంది. కన్నం పడిన కుర్చీని గోడ దగ్గరనుంచి ముందుకు లాగి, బేతు పేళ్ళు దాని చట్రం మీద అడ్డంగా పెట్టి చూసింది. ఈ చివరనుంచి ఆ చివరకు సరిపోయాయి. చీలను దాని రంధ్రంలో పెట్టి అరచేత్తో నొక్కింది. తరవాత బాల్చీ బోర్లించుకుని, దాని మీద కూర్చుంది.

బల్ల మీద తాడు పడి ఉంది. ముడి విప్పి చాలాసేపైనా, అది ఎటు తిరిగి కట్టి ఉండేదో ఆ వంపు ఇంకా దానిలో అలాగే ఉంది.